తొమ్మిది అంగుళాల వాన

ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున్నే చంద్రప్ప వాకిట్లో బట్టలుతికే బండ మీద ఖాళీ వనస్పతి డబ్బా ఒకటి నిలబెట్టాడు. గాలికి దొర్లకుండా చుట్టూ రాళ్లు పేర్చాడు. పక్కన ఒక వేపపుల్ల, ఒక అడుగుబద్ద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, పెళ్లికూతుర్ని చూసినట్టు డబ్బాను చూసుకుని, వికారాబాదు బండి వేళవుతోందని గొడుగు చంకన పెట్టాడు.

చంద్రప్ప వికారాబాదు ఆఫీసులో ఓవర్సీరు. తాలూకాలో ఎవరి వీధికి నీళ్లు పోవడానికి ఎంత మోరీ తవ్వాలో ఆయనే చెప్పాలి. తాండూరులో ఆయన సొంతింటికి మాత్రం మోరీ లేదు. ఇల్లేమో వాలు గల్లీకి అడుగున ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, గల్లీలో నీళ్లన్నీ పిలవని చుట్టాల్లా వాకిలి దాటి, గడప దాటి, నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చునేవి.

నిరుడు అలా వచ్చిన నీళ్లు ఏడాదికి దాచుకున్న కందుల బస్తాల కింద చేరాయి. మూడోనాటికి బస్తాలకు పచ్చటి మొలకలు వచ్చాయి. అదే సమయానికి పూడూరు నుంచి వచ్చిన ఆడబిడ్డ ఆ మొలకలు చూసి, "ఏం వదినె, ఇంట్లనే ఎవుసం పెట్టిండ్రా?" అని ఒక్క మాట అని పోయింది. తాండూరులో ఉండి, కంది చేలు ఇంటి చుట్టూ పెట్టుకుని, దుకాణంలో పప్పు కొనుక్కు తినడమే చంద్రప్ప భార్య భాగమ్మకు తలవంపులు. ఈ మాట దాని మీద తాలింపు. ఈ ఏడు కొత్తగా దాచిన బస్తాలు కూడా మొలిస్తే వానకాలమంతా బంట్వారంలో తన అన్న ఇంట్లో ఉంటాననీ, ఇక్కడ ఎవరి లెక్కలు వాళ్లే వండుకు తినవచ్చుననీ భర్తకు చెప్పేసింది.

చంద్రప్ప ఊరికే కూర్చున్నాడని అనడానికి లేదు. రెండేళ్లుగా లెక్క కడుతూనే ఉన్నాడు. వాన ఎంత జోరుగా పడుతుంది, ఎంత నేల మీద పడుతుంది, నేల తాగింది పోగా పారేది ఎంత, ఈ మూడూ తెలిస్తే మోరీ ఎంతుండాలో దానంతట అదే తేలుతుందని ఆయన సిద్ధాంతం. ఇంట్లో పరిచినవి నున్నటి తాండూరు బండలు. వాటి మీద సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాడు. అది నడవలో పుట్టి, నిరుటి నీళ్లకు కొట్టుకుపోయిన చోట మళ్లీ రాయించుకుని, మలుపు తిరిగి, దేవుడి గూటి కింది దాకా పాకింది. "చెరపొద్దు" అన్న ఆజ్ఞ ఉంది కనుక రెండేళ్లుగా ఆ బండలకు చీపురు తగలలేదు. భాగమ్మ అంకెల పక్కనుంచి నడిచేది. అత్త మొగులమ్మ అంకెల మీంచి దాటేది.

మొదట్లోనే భాగమ్మ మోచేయి నుంచి వేలి కొస దాకా చూపించి, "మూరెడు మోరీ తవ్వితె చాలు" అంది. "అది చేతి అంచనా. ఉప్పుకు పనికొస్తది. గిది లెక్క" అన్నాడాయన. లెక్కలో అన్నీ తేలాయి, వాన తప్ప. వికారాబాదు ఆఫీసులో వాన కొలత ఉంది గానీ, అక్కడి వాన ఇక్కడి వాన కాదు కదా. అందుకే డబ్బా. కొలిచే పని కూడా భాగమ్మకు ఇవ్వలేదు. "అవ్వా, పొద్దుగాల లేవంగనే పుల్ల ముంచు. తడి ఏడిదాంక వస్తే గాడ కొలువు" అని తల్లికి అప్పజెప్పి బండెక్కాడు.

వాన మాత్రం రాలేదు. మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, మబ్బు జాడ లేదు. అందుకని అదే సాయంత్రం పై ఇంటి ఎంకమ్మ ఆడవాళ్లను వెంటేసుకుని కప్పతల్లి ఆడుతూ గల్లీలోకి దిగింది. ఎంకమ్మ గొర్ల మల్లప్ప భార్య. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ ఒక కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తుంటే మిగతావాళ్లు పాటందుకున్నారు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఇల్లాలు బిందెడు నీళ్లు కప్ప మీద పోయాలి. కప్ప చల్లబడితే మేఘం కరుగుతుందని నమ్మకం.

వాన కోసం నీళ్లు పోయడానికి ఆ గల్లీలో భాగమ్మకే కొంచెం చెయ్యి ఆడలేదు. చేలకు వాన కావాలి, తన వంటింటికి వద్దు; ఈ తేడా కప్పకు ఎలా చెప్పడం? అయినా నీళ్లు తక్కువ పోసిందన్న మాట పడకూడదని పెద్ద బిందె తెచ్చి ఎత్తి పోసింది. రోకలి మోసేవాళ్లు ఆగింది సరిగ్గా బట్టల బండ పక్కన. కప్ప మీద పడిన నీళ్లు వేపమండల మీదుగా ధార కట్టి ఎక్కడికి దిగాయో అప్పుడు భాగమ్మ చూడలేదు.

తెల్లవారుజామున కప్పతల్లి మాట దక్కించుకోవడానికన్నట్టు పది చినుకులు రాలాయి. చూరు కూడా తడవలేదు.

మొగులమ్మ లేచి మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పుల్ల ముంచింది. అడుగుబద్ద మీద గోరు పెట్టి గీత గీతగా ఎంచింది. "తొమ్మిది అంగుళాలు" అంది.

భాగమ్మ డబ్బాలోకి తొంగి చూసింది. నీళ్ల మీద ఒక వేపాకు తేలుతోంది.

"అత్తమ్మా, నిన్న కప్పతల్లికి పోసిన నీళ్లు..."

"నా కొడుకు కొలత నాకు అప్పజెప్పిండు, నీకు గాదు. నువ్వు చారు సంగతి చూడు."

సోమవారం రాత్రి వికారాబాదులో మాత్రం అనంతగిరి మీంచి దిగిన మబ్బు కుండపోతగా కురిసింది. చంద్రప్ప తన ఆఫీసు స్నేహితుడు ఏసుదాసు ఇంట్లో ఆగిపోయి, మంగళవారం సాయంత్రం బురద కాళ్లతో తాండూరులో దిగాడు. తల్లి చెప్పిన అంకె విని అరుగు మీద కూలబడ్డాడు. వాకిలి వైపు చూశాడు. వాకిట్లో కోడి ఒకటి దుమ్ములో పొర్లుతోంది.

"చూసినవా భాగీ" అన్నాడు నెమ్మదిగా. "తొమ్మిదంగుళాల వాన పడి, పొద్దుమూకే వరకు దుమ్ము లేస్తుందంటె, నీళ్లు ఎంత జోరుగ పోయినయో సోంచాయించు. నేల ఒక్క చుక్క తాగలె. అంతా పారింది."

భాగమ్మ నిజం చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో ఆయన, "రేపే తవ్వకం మొదలువెడ్త" అన్నాడు. రెండేళ్లలో "రేపు" అనే మాట ఆ నోట రావడం అదే మొదలు. ఇప్పుడు కప్ప సంగతి చెబితే ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టింది. డబ్బా మళ్లీ బండెక్కుతుంది, లెక్క మళ్లీ దేవుడి గూటి దగ్గర మొదలవుతుంది, కందులు మళ్లీ మొలుస్తాయి. తెరిచిన నోటితో, "చాయ్ పెట్టనా?" అని అడిగింది.

మర్నాడు సున్నంతో గీతలు పడ్డాయి. నాలుగడుగుల వెడల్పు, అంతే లోతు. మొత్తం వాకిలే మంచం వేస్తే నిండేంత. గీతల మధ్యకు మల్లెపాదు పోయింది, బట్టల బండ పోయింది, ఏటా కందులు ఎండబోసే చదును పోయింది. గుమ్మానికి గీతకు నడుమ కాలు మోపడానికి జానెడు మిగిలింది.

"మనం ఏడికెళ్లి నడవాలె?" అంది భాగమ్మ.

"బండ ఏస్తం. దాటి పోవాలె."

మొగులమ్మ తన అంకె ఇంత పెద్దదైనందుకు తృప్తిగా తల ఊపింది.

తవ్వకం గల్లీ దాకా వచ్చేసరికి కొత్త చిక్కు ఎదురైంది. ఇంత మోరీ తెచ్చి గల్లీలో ఉన్న జానెడు మోరీలో కలపడమంటే ఏనుగును ఎలుక బొక్కలోకి తోలడమే. ఇంటి కిందుగా మల్లప్ప బీడు ఉంది; నీళ్లు అందులోకి వదలాలి. మల్లప్ప గొర్లు మేసే బీడులోకి ఎవరి మోరీ రానివ్వనని కర్ర ఊపుకుంటూ వచ్చాడు. గుంత అంచున నిలబడి, లోపలికి చూసి, కర్ర దించాడు.

"ఓర్సీరు సాబు, గిది మోరీ గాదు. మోరీ ఎట్లుంటదో నాకెర్కె."

"మరేందిది?"

"కాలువ."

చంద్రప్ప నవ్వి ఇది వాన నీటి మోరీ అనీ, తొమ్మిది అంగుళాలకు ఇంతే వస్తుందనీ వివరంగా చెప్పాడు. తొమ్మిది అంగుళాల వాన ఎప్పుడు పడిందని మల్లప్ప అడిగితే, మొన్న సోమవారం రాత్రేనన్నాడు. ఆ రాత్రంతా మల్లప్ప ఆరుబయట గొర్ల మధ్యనే పడుకున్నాడు. దాంతో అతనికి అంతా అర్థమైపోయింది. పెద్ద మనిషి ఇంత పొడవు అబద్ధం ఆడుతున్నాడంటే వెనక సర్కారు గుట్టు ఏదో ఉంది. పంచాయతీ సమితులు కొత్తగా పెట్టిన మరుసటి ఏడు అది. ఎక్కడ గడ్డపార దిగినా జనం సర్కారు పనే అనుకునేవారు. "అయితె నా బీడులకే ఇడువుండ్రి. ఇంకెవ్వరికి జెప్పకుండ్రి" అని చెప్పి, తానే గడ్డపార అందుకున్నాడు.

తాను మాత్రం ఎంకమ్మకు చెప్పాడు. ఎంకమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి కాగ్నా వాగు నీళ్లు ఓవర్సీరు వాకిట్లోంచి మళ్లుతున్నాయన్న కబురు బంట్వారం దాకా వెళ్లింది. రైతులు తలపాగలు చుట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవారు. తమ చేను ఈ కాలువ కిందికి వస్తుందా అని మర్యాదగా అడిగేవారు. ఇది తన ఇంటి మోరీ అని చంద్రప్ప ఎంత ఒట్టు పెట్టుకుంటే అంత ముసిముసిగా నవ్వేవారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టిపోయాడు. రాతి గని వాళ్లు కాలువ పని అనుకుని మంచి మంచి నున్నటి బండలు ఏరి పంపారు. అడుక్కీ గోడలకూ అవి పరిచాక మోరీ అద్దంలా మెరిసింది. ఊళ్లో చాలా ఇళ్ల నడవలు అంత బాగుండవు.

వచ్చిన ప్రతివాళ్లకూ చాయ్ పోస్తూ భాగమ్మ లోలోపల కుమిలింది. ఒక్క బిందె నీళ్లు ఇంత దూరం పారతాయని ఎవరనుకున్నారు? తప్పు పట్టుకుంటాడని ఆశలన్నీ ఏసుదాసు మీద పెట్టుకుంది. ఆయన చదువుకున్నవాడు, అనుమానం మనిషి. ఆదివారం ప్రార్థన ముగించుకుని బండి దిగి వచ్చాడు. మోరీలోకి దిగి, సుద్దముక్కతో గోడ మీద లెక్కంతా మొదట్నుంచి మళ్లీ కట్టాడు. వంగి రాస్తుంటే పైకి ఆయన తల మాత్రమే కనిపిస్తోంది.

"లెక్కల తప్పు లేదు చంద్రప్పా" అంది ఆ తల. "ఇంక జరంత ఎక్కువ తవ్వినా నష్టం లేకుండె."

భోజనానికి కూర్చుని పప్పు మెచ్చుకున్నాడు. అది దుకాణం పప్పు; ఇంటి కందులు ఇంకా విసరలేదు.

మోరీ పూర్తయింది. వాన మాత్రం రాలేదు. కాలువ మీద ఆశలు పెట్టుకున్నవాళ్లు నీళ్లేవని అడగడం మొదలుపెట్టారు. కాలువ కాదని తెలిశాక వెక్కిరించడం మొదలుపెట్టారు. వాన లేని ఊళ్లో వంతెన కట్టుకున్నాడని స్టేషన్లో నవ్వుకున్నారు. మొగులమ్మ మాత్రం మధ్యాహ్నాలు చల్లగా ఉందని మోరీలో చాప వేసుకుని పడుకునేది. ఎంకమ్మ వచ్చి, "అక్కా, మా గొర్రెపిల్లలు గూడ జరసేపు పండుకుంటె మీ మోరీ ఏమన్న అరుగుతదా?" అని అడిగింది. ఆ నవ్వుల మాటున ఎగువ ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే తమ వాకిళ్ల నీళ్లు ఇటే వచ్చేలా చిన్న చిన్న కాల్వలు గీసుకున్నారు. ఊరికే వచ్చిన మోరీ ఎవరికి చేదు?

పెద్దపూసాల కార్తెలో, అంటే పుష్యమిలో, ఒక పొద్దున భాగమ్మ బస్తాలు విప్పి చూస్తే కందుల్లో పురుగు తిరుగుతోంది. ఒక్క ఎండ తగిలితే గానీ నిలవవు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చాట పట్టుకుని బయటికొచ్చి నిలబడింది. ఎండబోయడానికి వాకిలి ఏది? ఉన్నదంతా మోరీ. నున్నటి బండలు, నడినెత్తి ఎండ, దుమ్ము లేదు, కోళ్లు దిగే లోతు కాదు.

ఇంకెవరైనా అయితే సంకోచించేవారేమో. కానీ ఆ మోరీకి కొలతైన వానలో ముప్పాతిక మువ్వీసం తన బిందెదేనని భాగమ్మకు తెలుసు. తాండూరు మొత్తంలో ఆ మోరీని చూసి భయపడనవసరం లేనిది తనొక్కతే. రెండు బస్తాలూ దింపి, ఈ కొస నుంచి ఆ కొసకు వేళ్లతో బారులు తీసి పరిచింది. ఎర్రటి తివాచీలా ఎంతో అందంగా కనిపించింది.

మధ్యాహ్నం జల్లెడ తిరిగి ఇవ్వడానికి ఎంకమ్మ ఇంటికి వెళ్లింది. రెండు మాటలు నాలుగయ్యాయి. అనంతగిరి వైపు నుంచి మబ్బు ఎప్పుడు లేచిందో ఇద్దరూ చూడలేదు. మొదటి చినుకు జల్లెడ మీద పడి టప్పుమంది. భాగమ్మ గల్లీలో పరుగెత్తుతుంటే నీళ్లు ఆమెను దాటి ముందే పరుగెత్తాయి. ఎగువ వాకిళ్లన్నింటి నీళ్లూ, మల్లప్ప దొడ్డి నీళ్లూ కట్టగట్టుకుని చంద్రప్ప మోరీలోకి దూకాయి. ఆమె చేరేసరికి చాటెడు కందులు మిగిలాయి. అవి కూడా మొగులమ్మ ఎత్తినవి.

అప్పుడే బండి దిగిన చంద్రప్ప స్టేషన్ నుంచి తిరగబడ్డ గొడుగుతో పరుగెత్తి వచ్చాడు. లోపలికి రాలేదు. మోరీ మీది బండ మధ్యలో నిలబడి, తడిసి ముద్దవుతూ, కింద పారే నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. మోరీ నిండుగా పారుతోంది. అంచుకు జానెడు తక్కువ. మూరెడు మోరీ అయితే ఇల్లు ఈపాటికి స్టేషన్లో ఉండేది.

"భాగీ, కడప చూడు. తడి తగల్లె. ఒక్క చుక్క తగల్లె. లెక్క అంటె గిది."

నిజమే. వంటింట్లో బూడిద కూడా ఎగరలేదు.

"నీళ్లల్ల ఎర్రగ కొట్టుకపోతున్నయి, గవేందే?"

"మట్టి" అంది భాగమ్మ.

కందులు పోయాయని చెబితే అవి అక్కడెందుకు పోశావంటాడు. అది చెప్పాలంటే డబ్బా సంగతి చెప్పాలి. ఆమె కొంగు పిండుకుంటూ వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొడిగా ఉన్న వంటింట్లో తడి అంటే అదొక్కటే. మొగులమ్మ చాట తెచ్చి ముందు పెట్టి, పక్కనే చతికిలబడింది.

"కందుల ముచ్చట వాడికి చెప్పకు. నేను గూడ చెప్ప."

"డబ్బాల నీళ్లు కప్పతల్లివి అత్తమ్మా. ఆనాడే చెప్పబోతి, మీరు ఇనలె."

"నేనేమన్న గుడ్డిదాన్నా? నువ్వు పోస్తుంటె అరుగు మీదనే ఉంటి గద." మొగులమ్మ గొంతు తగ్గించింది. "రెండేండ్ల సంది ఆ బండలు ఊడ్వనియ్యకపాయె. దేవునికి దీపం పెట్టాలంటె అంకెలు దాటుకుంట పోవాలె. అంకె దొరికితెనన్న ఆ లెక్క ఆగుతదని, ఇంక పది గీతలు ఎక్కువ చెప్పాలెననుకున్న. డబ్బా పొట్టిదైపాయె."

భాగమ్మ లేచి చీపురు అందుకుంది. ఒకామె ఊడ్చింది, ఒకామె నీళ్లు చల్లింది. రెండేళ్ల లెక్క గడప దాటి మోరీలో కలిసింది. తన లెక్క నిజమైన ఆనందంలో ఉన్న మనిషి అది కూడా గమనించలేదు.

ఊళ్లో మాట మారిపోయింది. నవ్వినవాళ్లే చంద్రప్పను చూసి నమస్కారాలు పెట్టారు. భాగమ్మ మాత్రం మళ్లీ దుకాణానికి పోయి పప్పు తెచ్చుకుంది. ఈసారి చెంగు కప్పుకుని తెచ్చింది.

చలికాలం చివర ఒకనాడు మల్లప్ప వచ్చాడు, భుజాన ఒక బస్తా, వెనక ముగ్గురు మనుషుల మీద ఇంకో మూడు. అరుగు మీద దించి, తలపాగ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సాబు, ఆనాడు కాలువ గాదంటివి. ఉత్త మోరీ అంటివి. నీళ్లతోని గింజలు గూడ పంపే కాలువ నా తాతలనాటి సంది చూడలె. దున్నలె, ఇత్తలె. బీడంత కందే. గొర్లను అటు పోనియ్యకుండ కావలి గాసుడొక్కటే నా పని. సగం నీది."

చంద్రప్ప గింజలు చేతిలోకి తీసుకుని తీవ్రంగా ఆలోచించాడు. వేగంగా పారే నీళ్లలో ఒండ్రు ఉంటుందనీ, ఒండ్రులో సారం ఉంటుందనీ అన్నాడు. భాగమ్మ గింజను చూడగానే ఆనవాలు పట్టింది. పోయినవి రెండు బస్తాలు, వచ్చినవి నాలుగు. ఇంట్లోనే ఎవుసం పెట్టారా అన్న ఆడబిడ్డ మాట కొంచెం ఆలస్యంగా నిజమైంది.

మరుసటి మిరుగానికి వికారాబాదులో ఒక బడి ఆవరణకు మోరీ వేయాల్సి వచ్చింది. తాండూరు పద్ధతిలోనే కొలవాలని ఏసుదాసు పట్టుపట్టాడట. చంద్రప్ప అటక మీంచి డబ్బా దింపి, తుడిచి, గొడుగుతో పాటు చంకన పెట్టుకున్నాడు. బండ దాటుతూ ఆగాడు.

"అవ్వ అంత మంచిగ ఎట్ల కొలిచిందే? మేము మర్చిపోయిందేమన్న ఉన్నదా?"

భాగమ్మ కందులు చెరుగుతూ తల ఎత్తలేదు.

"రెండున్నయి. కప్పతల్లి ఆడేనాడు డబ్బా బయట పెట్టుండ్రి. ఆనాడు కొలత మంచిగొస్తది. తవ్వే ముందుగాల మాత్రం, ఆ చుట్టుపక్కల ఆడోళ్లు కందులు ఏడ ఎండవోస్తరో అడుగుండ్రి."

మొదటిది ఆఫీసులో వెంటనే అమలు చేశారు. రెండోదాని మీద చంద్రప్ప, ఏసుదాసు ఒక సాయంత్రమంతా కూర్చుని, సూత్రంలో కందులకు చోటు లేదని తేల్చారు.